బండ మీద మిగిలిన రాయి

మధ్యాహ్నం పన్నెండింటికి బండ మీద ఇరవై మూడు రాళ్ళున్నాయి. జలపాతం కింది మడుగులో వైరా బడి నుంచి వచ్చిన ఇరవై మూడు మంది పిల్లలున్నారు. లెక్క సరిపోయింది.

అది ముత్తక్క పెట్టిన లెక్క. ఆమెది పక్క గూడెం. అడవి చూడటానికి వచ్చినవాళ్ళను మడుగు దగ్గర కనిపెట్టుకుని ఉండటం ఆమె పని.

"దిగేటప్పుడు ఒక రాయి పెట్టాలె. ఎక్కినంక ఎవరి రాయి వాళ్ళే తియ్యాలె," అని ముందే చెప్పింది.

ఆ పిల్లల్లో ఫరహాకు నవ్వొచ్చింది. వైరాలో వాళ్ళ అబ్బాకు స్టీలు సామాన్ల దుకాణం. గిన్నె కొనడానికి వచ్చినవాళ్ళకు కూడా "మా ఫరహా కాలువ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదుతది" అని చెప్తాడు.

"ఈత రానోళ్ళకు సరే. నాకెందుకు?" అంది తన తరగతి శివతో.

"పెట్టు తల్లీ. నీ రాయి గూడ ఈదుతదేమో చూద్దాం," అన్నాడు శివ.

ఫరహా రాయి పెట్టి దిగింది. మడుగును అడ్డంగా ఈది అవతలి ఒడ్డెక్కింది. వెనక్కి చూస్తే తనను ఎవరూ చూడటం లేదు. అందరూ ధార కింద తలలు పెట్టి అరుస్తున్నారు. పైనుంచి చెయ్యి ఊపితే కనిపిస్తాననుకుని రాళ్ళ మీదుగా పైకి పోయింది.

ఇంతలో ముత్తక్క ఈల వేసింది. పిల్లలు ఒక్కొక్కరే ఎక్కి రాళ్ళు తీశారు. బండ మీద ఒకటి మిగిలింది.

ముత్తక్క కొంగు నడుముకు చుట్టి నీళ్ళలో మునిగింది.

పైనుంచి ఫరహా చూసింది. ఏదో పడిపోయినట్టుంది, వెతుకుతోంది అనుకుంది. ముత్తక్క తేలింది. మళ్ళీ మునిగింది. మూడోసారి తేలినప్పుడు ఆమె మోచెయ్యి నుంచి నెత్తురు కారుతోంది. ఒడ్డున, పిల్లల్ని తీసుకొచ్చిన శ్యామల టీచర్ అరుస్తోంది. నీళ్ళ హోరులో ఒక్క మాటే పైదాకా వచ్చింది.

"ఫరహా..."

ఫరహా జారుతూ, పాకుతూ దిగింది. అప్పటికి ముత్తక్క ఐదోసారి మునిగి తేలింది.

"అక్కా, నేనీడ ఉన్న."

ముత్తక్క ఒడ్డు పట్టుకుని చాలాసేపు ఊపిరి తీసుకుంది. తిట్టలేదు. బండ వైపు చెయ్యి చూపింది.

"నీ రాయి తియ్యి."

"నాకు ఈత వచ్చక్కా. అటు దిక్కు ఎక్కిన."

"నీకొచ్చు. ఆ ముచ్చట రాయికి తెల్వది." ముత్తక్క మెడ నిటారుగా పెట్టింది. "పన్నెండేండ్ల సంది చూస్తున్న. పొద్దుగూకేసరికి ఈ బండ మీద ఒక్క రాయి మిగల్లే."

ఫరహా రాయి తీసింది. పారెయ్యలేదు. అది ఆమె గుప్పిట్లోనే వైరాదాకా వచ్చింది.

ఆదివారం కాలువలో అబ్బా వీధి పిల్లలకు ఈత నేర్పుతున్నాడు. ఫరహా దిగలేదు. దిగేవాళ్ళందరితో ఒక్కో రాయి పెట్టించి, ఒడ్డున ఆ రాళ్ళ దగ్గర కూర్చుంది.

తమ్ముడు ఉబేద్ ఎక్కి, నేరుగా బజ్జీల బండి వైపు పరిగెత్తాడు.

"ఉబేద్, నీ రాయి."

"ఎదురుంగనే ఉన్న కద ఆపా?"

"నాకు కనిపిస్తున్నవ్. రాయికి తెల్వది."

వాడు గొణుక్కుంటూ వచ్చి తీశాడు. అందరూ తీశాక ఒకటి మిగిలింది. అబ్బా లుంగీ పిండుకుంటున్నాడు.

"అబ్బా, నీదే."

"నాది గూడనా?"

"అవ్."

అబ్బా పిండటం ఆపాడు. వచ్చి, వంగి, తన రాయి తీశాడు.

సోమవారం మొదటి గిరాకీకి గిన్నె చూపించకముందే అబ్బా చెప్పాడు.

"మా ఫరహా ఒడ్డున కూసుంటే ఒక్క రాయి మిగలదు."