పిట్టకు పెట్టిన గ్లాసు

నాగ్‌పాడా జంక్షన్. మంగళవారం సాయంత్రం నాలుగూ నలభై.

అతుల్ రోడ్డు దాటుతున్నాడు. వయసు ముప్పై ఒకటి. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో ఆస్పత్రిలో ఉన్న చెల్లెలికి కొన్న మోసంబీల సంచి. బండ్లకు రెడ్ సిగ్నల్ పడింది. అన్నీ ఆగాయి. నంబర్ ప్లేటు లేని నల్ల కారు ఒకటి మాత్రం ఆగలేదు.

జనం పోగయ్యేలోపు మోసంబీలు బస్సుల కిందికి దొర్లిపోయాయి. హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకడు వంగి నాడి చూస్తున్నట్టు నటించి, ల్యాప్‌టాప్ బ్యాగు తన భుజానికి తగిలించుకుని చక్కా వెళ్లిపోయాడు. పోలీసు రికార్డులో అది యాక్సిడెంట్.

గురువారం ఉదయం, దాదర్‌లో ఒక జిరాక్స్ షాపు వెనక గదిలో, ఏజెంట్ 14 ముందు ఆ యాక్సిడెంట్ ఫొటోలు పరిచారు.

ఏజెంట్ 14 అసలు పేరు రితేశ్. కామాటిపుర పద్నాలుగో గల్లీలో పుట్టాడు కాబట్టి ఆ నంబరు ఇచ్చారు, అంతకు మించి అందులో రహస్యమేమీ లేదు. ఎదురుగా కూర్చున్నది చీఫ్ దర్శన. నూలు చీర, తెల్లబడ్డ జుట్టు, మాట పొదుపు.

"ఐదు వారాల్లో ముగ్గురు," అంది దర్శన. "ఉప్పుతో బ్యాటరీ చేసే కెమిస్ట్. నీళ్లు లేకపోయినా పండే వరి మీద పనిచేసిన జెనెటిసిస్ట్. ఇప్పుడితను. ముగ్గురి పేపర్లూ అచ్చుకు సిద్ధంగా ఉన్నాయి. ముగ్గురూ పోయారు. డేటా కూడా పోయింది."

"ఎవరు?"

"విదేశీ ముఠా. పరిశోధనను దొంగిలించి అమ్ముకుంటారు. అమ్ముడుపోనిదైతే నాశనం చేస్తారు. మన ఫైళ్లలో వాళ్ల పేరు రెండో రివ్యూయర్."

రితేశ్‌కు నవ్వు రాబోయి ఆగిపోయింది. శాస్త్రవేత్త రాసిన పేపర్‌ను అచ్చుకు ముందు తోటివాళ్లు ఇద్దరు చదివి తీర్పు చెబుతారు. మొదటాయన భుజం తడతాడు, రెండో ఆయన పీక నొక్కుతాడు. పరిశోధకుల లోకంలో ఇది పాత జోకు. పీక నిజంగానే నొక్కేవాళ్లు ఇప్పుడొచ్చారు.

"అతుల్ ఏం కనిపెట్టాడు?"

"ఫేజ్. బ్యాక్టీరియాను చంపే వైరస్. ఏ మందుకూ లొంగని క్రిమి ఒకటి ఆస్పత్రుల్లో తిరుగుతోంది. దాన్ని చంపే ఫేజ్ మీ కామాటిపురలో దొరికింది. తొమ్మిదో గల్లీ మోరీలో. అతుల్ వాళ్లుండే చాల్ ముందే."

"దాన్ని ఎందుకు నాశనం చేయాలి?"

"మోరీలో ఉచితంగా దొరికేది వచ్చేస్తే, లక్షలు పెట్టి ఇంజెక్షన్ ఎవరు కొంటారు?" దర్శన ఇంకో ఫొటో తీసింది. రెండు జడల అమ్మాయి. "చెల్లెలు మేఘ. ఇరవై నాలుగేళ్లు. అపెండిక్స్ ఆపరేషన్ అయ్యాక అదే క్రిమి పట్టుకుంది. డాక్టర్లు చెప్పిన గడువు రెండు రోజులు. అన్న పోయిన సంగతి ఆ పిల్లకు ఇంకా తెలియదు."

రితేశ్ ఆ ఫొటోను దగ్గరికి జరుపుకున్నాడు.

"ల్యాబ్ ఫ్రీజర్‌లో బ్లీచింగ్ పోశారు. మిగిలింది ఒకే శాంపిల్. అతుల్ ఆఖరి మెసేజ్ ఇది: 'అమ్మ ఫ్రిజ్‌లో దాచాను. ఎవరూ ముట్టరు.' ఒక్క చుక్క దొరికినా చాలు, రేపటికల్లా పెంచేస్తారు. ఇదిగో నీ డబ్బా."

కూలీలు అన్నం తీసుకెళ్లే మామూలు స్టీలు డబ్బా. లోపల మాత్రం పన్నెండు గంటలు నాలుగు డిగ్రీల చల్లదనం. మూత పడిందంటే దర్శన వేలిముద్రకు తప్ప తెరుచుకోదు.

"అక్కడ మన మనిషి ఉంది. డాక్టర్ నీత. అతుల్‌తో కలిసి పనిచేసేది. ముఠాలో చేరినట్టు నటిస్తూ ఆరు నెలలుగా మనకు కబురు పంపుతోంది. 'పిట్ట ఎప్పుడొస్తది?' అని అడుగు. 'ఎండ ఎక్కినంక' అంటుంది. ఇంకొక్క మాట. శాంపిల్ బతికుందని బయట పొక్కితే ముఠా నేరుగా మేఘ మంచం దగ్గరికి వస్తుంది. ఎవరికీ చెప్పకు. తల్లికి కూడా."

ట్యాక్సీలో రితేశ్ అతుల్ ఫైలు చదివాడు. మొదటి పేజీలోనే ఉంది: పదో ఏట కామెర్లు, లివర్ బలహీనం, మద్యం ఎన్నడూ ముట్టలేదు.

పదకొండింటికి తొమ్మిదో గల్లీలో దిగింది ఏజెంట్ 14 కాదు, పాలమూరు నుంచి వచ్చి రోజూ నాకా మీద, కూలీల అడ్డాలో, పనికి నిలబడే మొగులయ్య. సిమెంటు మరకల లుంగీ, మెడలో తువ్వాలు, చేతిలో డబ్బా. మోరీ మూతలెత్తడానికి అతుల్ నాకా కూలీలనే పిలిచేవాడు. కాబట్టి ఎవరూ అనుమానించలేదు.

వరస గదుల పాత మేడ ఆ చాల్. పైన టెర్రేస్ మీద పాతికమంది ఉన్నారు. మూడో రోజు. పిట్టకు పెట్టే రోజు.

చనిపోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, కాకి కోసం ఎదురుచూస్తారు. కాకి ముట్టేదాకా ఆ విస్తరి మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. ముట్టిందంటే పోయినవాడి మనసు నెమ్మదించినట్టు. ముట్టలేదంటే ఏదో కోరిక మిగిలిపోయినట్టు.

విస్తరి ముందు తల్లి రత్నాబాయి కూర్చుంది. జొన్నరొట్టె, మటన్ కూర, వడా పావ్, ఒలిచిన మోసంబీ. ఒక్కొక్కటీ పెడుతూ కొడుకుతో మాట్లాడుతోంది. "తిను బిడ్డా. ఆ దినం ఉత్త చాయ్ తాగి పోతివి. లవ్‌కర్, జల్దిన వస్తనంటివి."

పక్కన తెల్లచీరలో నీత. చెవులకు రవ్వల దుద్దులు, ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్లు. అలాంటి మనిషి కామాటిపుర చాల్‌లో ఏ మూల కూర్చున్నా అందరి చూపూ అక్కడికే పోతుంది.

రితేశ్ వెనక చేరి చతికిలబడ్డాడు. "పిట్ట ఎప్పుడొస్తది మేడమ్?"

"ఎండ ఎక్కినంక." పెదవులు కదిలీ కదలకుండా నీత చెప్పింది. "ఫ్రిజ్ మొత్తం వెతికాను. ఏమీ లేదు. వెళ్లిపో."

అప్పుడు రత్నాబాయి కొంగు చాటు నుంచి ఒక క్వార్టర్ సీసా తీసింది. చల్లటి సీసా మీద నీటి చుక్కలు జారుతున్నాయి.

పక్కింటి తారాబాయి నోరు నొక్కుకుంది. "అరే రత్నక్కా, ఇదేంది? అతుల్ తాగుతుండెనా?"

"నాకూ ఎర్క లేకుండె." రత్నాబాయి కొంగుతో సీసా తుడిచింది. "ఫ్రిజ్‌ల పెట్టి, ముట్టకు అమ్మా, ఇది నాది అన్నడు. కామెర్లయిన పానం, డాక్టరు అప్పుడే వద్దన్నడు. అయినా ఒక్క మాట అనలే. చెల్లె గట్ల మంచం పట్టె, పోరడు ఏం బాధ మింగలేక తాగుతుండో అనుకున్న." ఆమె నీత వైపు తిరిగింది. "నువ్వు దినాం ఎంబడి ఉండెదానివి గద బిడ్డా. నిజం చెప్పు. నా కొడుకు తాగుతుండెనా?"

నీత సీసా వైపు చూసింది. ఒక్క క్షణం. తర్వాత తల్లి చెయ్యి పట్టుకుంది.

"అవును ఆంటీ. అప్పుడప్పుడు."

రితేశ్ డబ్బా ముందుకు జరుపుకున్నాడు. ఎన్నడూ ముట్టలేదని ఫైలులో ఉంది. పక్క టేబుల్ దగ్గరే పనిచేసిన మనిషికి ఆ సంగతి తెలియదా? తెలిసే అబద్ధమాడింది. ఆ సీసాలో ఉన్నది మందు కాదు, శాంపిలేనని పసిగట్టింది కాబట్టే ఆడింది.

చాల్‌లో ఎవరూ మూత తీయని చోటు ఏదని అతుల్ ఆలోచించి ఉంటాడు. కొడుకు తాగుతున్నాడని తెలిస్తే అమ్మ సిగ్గుపడి నలుగురికీ చూపించదు, ముట్టదు, పారబోయదు. ఆ లెక్క సరిగ్గానే వేశాడు పాపం. తను పోతాడని, మూడో రోజు అమ్మ తనకు ఇష్టమైనవన్నీ వెతికి తెస్తుందని మాత్రం అనుకోలేదు.

రత్నాబాయి మూత తిప్పి గాజు గ్లాసులో సగం దాకా పోసి విస్తరి పక్కన పెట్టింది. "తాగు బిడ్డా. ఇయ్యాల ఎవ్వరు వద్దనరు."

"మిగతాది నేను తీసేస్తా ఆంటీ." ఎవరూ అడగకుండానే నీత సీసా అందుకుని, టెర్రేస్ మూల మోరీలో వంచి, నల్లా తిప్పి కడిగేసింది. ఇక మిగిలింది గ్లాసులో ఉన్నదే.

అందరూ వెనక్కి జరిగారు. పిట్టగోడ మీద కాకి ఒకటి వాలింది. మెడ తిప్పి చూసింది. దిగలేదు.

"ఏం మిగిలిందో అడుగు రత్నక్కా," అంది తారాబాయి.

"మేఘ కోసమేనా బిడ్డా?" రత్నాబాయి రెండు చేతులూ జోడించింది. "మేఘను నేను చూసుకుంట. ఎట్లన్న బతికించుకుంట. జర ముట్టు బిడ్డా." ఎట్లా బతికించుకోవాలో ఆమెకు తెలియదు. 

కాకి కదలలేదు. నీత కదిలింది. "ఆఖరిసారి నా చేత్తో ఇస్తాను," అంటూ గ్లాసు వైపు వంగింది. పిడికిట్లో లిప్‌స్టిక్. ఏడుపు ఇంట్లో లిప్‌స్టిక్ ఎందుకు? దాని మూతలో సన్నని రంధ్రం కనిపించింది. ల్యాబ్ ఫ్రీజర్‌లో బ్లీచింగ్ పోసింది ఎవరో అప్పుడు అర్థమైంది.

నిజం చెబితే మేఘ ప్రాణానికి ముప్పు. చెప్పకపోతే రెండు సెకన్లలో ఆట ముగుస్తుంది.

రితేశ్ ఒక్క దూకు దూకి, చచ్చినవాడి విస్తరి ముందు నుంచి గ్లాసు లాక్కున్నాడు.

టెర్రేస్ అంతా కెవ్వుమంది.

"పట్టుకోండి! తాగుబోతు వెధవ!" అరిచింది నీత.

మొదటి దెబ్బ చెవి మీద పడింది. రెండోది వీపు మీద. రితేశ్ గ్లాసు మీద అరచెయ్యి కప్పి, మోకాళ్ల మీద కూలబడి, డబ్బాలోకి వంచాడు. "చూడు, ఇంటికి దాసుకపోతుండు బేశరం!" అన్నారెవరో. నీత మీదికి వంగి లిప్‌స్టిక్ నొక్కింది. సన్నటి ధార దూసుకొచ్చింది. అదే క్షణాన మూత టక్కున పడింది. మూత మీద బ్లీచింగ్ కంపు గుప్పుమంది.

రత్నాబాయి లేచి వచ్చి అతని చొక్కా పట్టుకుంది. కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

"నీకు తల్లి లేదార? నా కొడుకు నోటికాడిది గుంజుకుంటివి గదర. నీ చేతులు పడిపోను."

రితేశ్ డబ్బాను గుండెకు హత్తుకున్నాడు. ముప్పై నాలుగేళ్ల మగవాడు, ఎన్నో సరిహద్దులు దాటినవాడు, ఆ క్షణంలో ఏడ్చాడు. తాగుబోతు ఏడుపనుకుని ఎవడో ఇంకొకటి తగిలించాడు.

మెట్ల మీద నీత వెంటపడి వచ్చింది. రెండో అంతస్తులో మఫ్టీలో ఉన్న ఇద్దరు మహిళా పోలీసులు ఆమె చేతులు వెనక్కి విరిచారు. రితేశ్ చెవి వెనక మైక్‌లో దర్శన మొత్తం వింటూనే ఉంది.

"చంపుతారని నాకు చెప్పలేదు," అంది నీత. "పేపర్ ఆపుతామన్నారు, అంతే. నేను అతన్ని..." చెంపలు తడిసిపోయాయి. ఆ కన్నీళ్లు అబద్ధం కావు. కానీ వాటితో అతుల్‌కు ఇప్పుడేం పని?

గల్లీ మొగలో ట్యాక్సీ. కిటికీలోంచి డబ్బా అందుకుని, దర్శన అతని పగిలిన పెదవి వైపు చూసింది. "ఆస్పత్రికి పద."

"ఒక్క నిమిషం మేడమ్."

పైన టెర్రేస్ మీద ఉన్నట్టుండి గోల ఆగిపోయింది. తర్వాత తారాబాయి కేక గల్లీ అంతా వినిపించింది.

"ముట్టింది! గ్లాసు పోయినంకనే ముట్టింది రత్నక్కా! నీ కొడుకు తాగనోడే! మందు ఉన్నందుకే పిట్ట దిగలే!"

ఆ వెనకే రత్నాబాయి ఏడుపు. కొడుకును అనుమానించినందుకు ఆమె వాడి పేరు పెట్టి పెట్టి క్షమించమని అడుగుతోంది. ట్యాక్సీ నాగ్‌పాడా దాటేదాకా ఆ గొంతు రితేశ్ చెవుల్లోనే ఉంది.

మేఘ బతికింది. నాలుగో డోసుకు జ్వరం దిగింది. కళ్లు తెరిచి అన్న ఎక్కడని అడిగింది. అందుకు మందు ఏ మోరీలోనూ దొరకదు.

ఐదు నెలలకు ముఠా మొత్తం పట్టుబడింది. అతుల్ పేపర్ అతని పేరుతోనే అచ్చయింది. చివర కృతజ్ఞతల్లో ఒక పంక్తి: "నమూనా మోసిన మొగులయ్యకు." అది దర్శన పని.

ఆ వారం రితేశ్ మళ్లీ తొమ్మిదో గల్లీకి వెళ్లాడు. డ్యూటీ కాదు, ఊరికే. లుంగీ, తువ్వాలు మాత్రం వేసుకున్నాడు. తారాబాయి చూడనే చూసింది. "రత్నక్కా, గ్లాసు ఎత్కపోయినోడు!"

రత్నాబాయి మెట్లు దిగి వచ్చింది. వెనక గోడ పట్టుకుని మేఘ. చెంప పగులుతుందనుకుని రితేశ్ తల వంచుకున్నాడు.

"పైకి రా. చాయ్ తాగు," అంది ముసలామె. "ఆ దినం నువ్వు గుంజుకపోకుంటే నా బిడ్డ తాగుబోతని అనుకుంటనే సద్దును. తప్పు నాది. నిన్ను తిట్టిన, మనసుల పెట్టుకోకు." ఆమె అతని చెయ్యి తీసి తన నెత్తిమీద పెట్టుకుంది. "గానీ, తాగుడు బంద్ చెయ్యి బిడ్డా. నీకూ తల్లి ఉంటది. ఒట్టేయి."

చెప్పాల్సింది చాలా ఉంది. అతని ఉద్యోగంలో ఒక్కటీ చెప్పడానికి లేదు.

"బంద్ చేస్త అమ్మా," అన్నాడు.

జీవితంలో ఒక్క చుక్క కూడా ముట్టని ఏజెంట్ 14, ఆ రోజుతో తాగుడు మానేశాడు.