పేర్లు పోయిన చప్పుళ్ళు

"ముట్టుకోకండి! ఆ బటన్ నొక్కారంటే చెయ్యి విరగ్గొడతాను!"

రిపేరుకొచ్చిన కస్టమరుతో మాట్లాడే పద్ధతి అది కాదని బాబాయి లక్షసార్లు చెప్పాడు. చెప్తే వినే రకమైతే వీధంతా ఆ పిల్లని పిడుగు అని ఎందుకు పిలుస్తుంది?

కౌంటరుకి అవతల వానకి నిలువునా తడిసిన కుర్రాడొకడు నిలబడి ఉన్నాడు. లాప్‌టాప్ తెరిచి, అరచేతిలో పట్టే పాత మ్యూజిక్ ప్లేయర్‌ని దానికి తగిలించాడు. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ ప్లేయర్ వేరే కంప్యూటర్‌కి చెందింది, ఇందులో ఉన్నదంతా చెరిపేసి ఈ కంప్యూటర్‌తో సింక్ చెయ్యమంటారా అని. కుర్రాడి వేలు కాస్తా 'ఎస్' మీదకి పోతోంది.

పిడుగు అరుపుకి ఆ వేలు గాల్లోనే ఆగిపోయింది.

"ఎస్ అనకపోతే సింక్ అవ్వట్లేదండీ," అన్నాడతను నీరసంగా. "పొద్దుట్నించీ ఒకటే ఎర్రర్."

"అందుకని చెరిపేస్తారా? ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది మీ వరస!"

"సింక్ అంటే రెండిట్లో ఉన్నవీ కలుపుతుందనుకున్నా."

"కలపదు. కంప్యూటర్లో ఏముంటే ప్లేయర్లోనూ అదే ఉంచుతుంది. మీ కంప్యూటర్లో ఏముంది?"

"ఏమీ లేదండీ. కొత్తది. పాతది పోయిన వారమే చచ్చిపోయింది."

"మరి ప్లేయర్లో?"

"అన్నీ... అందులోనే ఉన్నాయి."

చెప్తూ చెప్తూ ఉండగానే తను ఎంత పని చెయ్యబోయాడో అతనికి అర్థమైంది. స్టూలు లాక్కుని కూలబడ్డాడు. అయ్యో పాపం అనిపించింది పిడుక్కి. పైకి మాత్రం, "ముందు తల తుడుచుకోండి, నీళ్ళన్నీ నా కీబోర్డు మీద పడుతున్నాయి," అంది.

అతన్ని ఆమె ఇదివరకు చూసింది. ఎదురు మేడ మీద వినికిడి ఆస్పత్రిలో ఉంటాడు.

"మీరు చెవుల డాక్టర్ కదూ?"

"డాక్టర్ని కాదండీ. చెవుల్లో కొత్తగా మిషన్ పెట్టించుకున్నవాళ్ళకి వినడం నేర్పిస్తాను."

"వినడం కూడా నేర్పిస్తారా! అయితే మా బాబాయికి నేర్పుదురూ. పిన్ని మాట ఒక్కటీ వినడు."

"నన్నెందుకే మధ్యలో లాగుతావు!" వెనక గదిలోంచి బాబాయి గొంతు వినిపించింది.

చెవుల మాస్టారు నవ్వాడు. నవ్వితే బాగానే ఉన్నాడు. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"రేపు పొద్దున ఒకావిడకి మిషన్ ఆన్ చేస్తున్నామండీ," అన్నాడు. "బట్టలు కుడుతుంది. పాప కడుపులో ఉండగా జ్వరమొచ్చి వినికిడి మొత్తం పోయింది. పాపకిప్పుడు ఆరేళ్ళు. కూతురి గొంతు ఇంతవరకు ఎలా ఉంటుందో తెలీదావిడకి. పెదాలు చూసి మాట తెలుసుకుంటుంది, అంతే. వాళ్ళాయన పాప పుట్టిన నాటి నుంచీ దాని ఏడుపూ, నవ్వూ, మాటలూ రికార్డ్ చేసి దాచాడు. ఎప్పటికైనా భార్యకి వినిపించాలని. వాళ్ళ ఫోను పాడైపోతుంటే తెచ్చి నాకిచ్చాడు. నేను పాఠాలకి వాడే చప్పుళ్ళతో పాటు వాటినీ ఇందులోకి ఎక్కించాను. ఇది వైరుతో నేరుగా ఆవిడ చెవి మిషన్‌కి తగులుతుంది, బయటి గోల కలవకుండా."

"ఆయన దగ్గర ఇంకో కాపీ లేదా?"

"ఫోను అమ్మేశాడండీ. నన్ను నమ్మి."

పిడుగు ప్లేయర్ అందుకుంది. షట్టరు సగానికి దించి, పని మొదలుపెట్టింది.

మొదట వైరు మార్చింది. తర్వాత ప్లేయర్ అడుగున ఉన్న కన్నంలోంచి గుండుసూదితో ఇంత నూగు లాగింది. "జేబులో పెట్టుకు తిరుగుతారా? మీ చొక్కా సగం ఇందులోనే ఉంది." పోర్టు మార్చింది, రీస్టార్ట్ చేసింది. సింక్ అనే మాటే ఎత్తకుండా, ప్లేయర్లో కంటికి కనబడకుండా దాచిన ఫోల్డర్ తెరిచి, ఫైళ్ళని తిన్నగా తన కంప్యూటర్లోకి లాగడం మొదలుపెట్టింది.

కాపీ కొంత దూరం వెళ్ళి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ ఆగింది.

"ష్," అన్నాడు మాస్టారు.

ఆ కుర్రాడు తనని ష్ అన్నాడని గ్రహించడానికే పిడుక్కి కాస్త టైము పట్టింది. ఈ షాపులో ఇంతవరకు ఆమెని ష్ అన్న మొనగాడు లేడు. నోరు తెరవబోయి, అతని వాలకం చూసి మూసేసింది. అతను ప్లేయర్ మీదకి వంగి, కళ్ళు మూసుకుని చెవి ఆనించాడు.

"లోపల ఏదో తిరుగుతోంది కదండీ?"

"డిస్కు. పాతది కదా, అరిగిపోయుంటుంది."

"ఆగిపోయే ముందు సన్నగా గీరుతోంది. గీరడం మొదలవగానే చెప్తాను, కాపీ ఆపెయ్యండి. అది కాస్త ఊపిరి తీసుకున్నాక మళ్ళీ కానిద్దాం."

"నాకేమీ వినబడట్లేదే!"

"ఇప్పుడు... ఆపండి."

ఆపింది. "కానివ్వండి" అన్నాక కదిలించింది. మళ్ళీ "ఆపండి." చెవి అతనిది, చెయ్యి ఆమెది. బయట వాన దంచి కొడుతోంది. ఆ హోరులో, ఇంత డబ్బాలో పుట్టే అంత చిన్న గీరుడు చప్పుడు అతనికెలా వినబడుతోందో ఆమెకి అంతుపట్టలేదు. ఎన్నో ఏళ్ళుగా మిషన్లు విప్పుతోంది. విప్పి చూసిందే గానీ, ఒక్కదాన్నీ ఇలా వినలేదు. అతని మూసిన కళ్ళవంక చూస్తూ రెండుసార్లు ఆపడం మర్చిపోయింది.

"ఆపమన్నానండీ!"

"ఆఁ, ఆఁ, ఆపా. అరవకండి."

చివరి ఫైలు కూడా వచ్చేసింది. అమ్మయ్య అనుకుని ఫోల్డర్ తెరిచిన పిడుగు మొహం వాడిపోయింది. ఒక్కదానికీ పేరు లేదు. అర్థంపర్థం లేని నాలుగేసి అక్షరాలు.

"ఈ ప్లేయర్లింతే," అంది. "లోపల దాచేటప్పుడు పేర్లు మార్చేస్తాయి. అసలు పేర్లన్నీ వేరే చోట ఉంటాయి. మీదాంట్లో ఆ చోటే అరిగిపోయింది. పాటలైతే కనిపెట్టొచ్చు. మీవి చప్పుళ్ళాయె."

"అయితే విందాం," అన్నాడతను, అదేమంత పని కానట్టు.

ఇయర్‌ఫోను ఒకటే ఉంది. చెరో చెవి పంచుకున్నారు. వైరు పొట్టిది కాబట్టి దగ్గరగా కూర్చోవలసి వచ్చింది. వైరు పొడుగ్గా ఉంటే దూరంగా కూర్చునేవారా అని మీరడిగితే నేను చెప్పలేను.

"ఇది నూనెలో ఏదో వేగుతోంది," అంది పిడుగు ధీమాగా.

"వాన."

"ఛ! పక్కా వేపుడు."

"వాన రేకు మీద పడుతోంది. చివర్న చూరు నుంచి బొట్లు విడిగా పడతాయి, వినండి."

పడ్డాయి. ఒక్కొక్కటీ, వేరువేరుగా. ఆమె నోరు తెరుచుకునే ఉండిపోయింది.

తాళం గుత్తి. మరుగుతున్న నీళ్ళు. చెప్పులతో ఒకరు, ఒట్టి కాళ్ళతో ఒకరు మెట్లెక్కడం. తను రోజూ బతికే ప్రపంచమే, కానీ ఎవరో దుమ్ము దులిపి చేతిలో పెట్టినట్టుంది. అతను పేరు చెప్పడం, ఆమె టైపు చెయ్యడం. కాసేపటికి ఆమే ముందు చెప్పేస్తోంది.

"ఇది వీధి. సైకిలు బెల్లు, బండి హారను, ఎవరో గయ్యాళిది అరుస్తోంది..."

మాస్టారు గభాలున ఆపబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

'రేపు రండి సార్! ఇవాళంటే ఇవాళ అవ్వడానికి ఇదేమన్నా టీ కొట్టా?' అంటోంది ఇయర్‌ఫోనులో ఆ గయ్యాళి.

"ఇది నేను!"

"వీధి చప్పుళ్ళు కావాలని కిటికీలోంచి రికార్డ్ చేశానండీ. అందులో మీరు పడ్డారు. మిమ్మల్ని అడగాల్సింది, తప్పే. తీసేస్తాను." అతని చెవులు రెండూ ఎర్రబడ్డాయి. "కానీ మా పేషంట్లు వీధిలో అందరికంటే ముందు గుర్తుపట్టేది మీ గొంతే. ఒక తాతగారైతే, ఆ అమ్మాయి ఇవాళ ఎవర్నీ తిట్టలేదేం, ఒంట్లో బాలేదా అని అడిగారు."

తిట్టాలని నోటిదాకా వచ్చింది. నవ్వొచ్చేసింది. "ఉంచండి," అంది. "తాతగారు బెంగ పెట్టుకుంటారు."

ఆ తర్వాత వచ్చాయి పాప చప్పుళ్ళు. నవ్వడం ఆపి ఇద్దరూ సర్దుకుని కూర్చున్నారు. ఏది ముందుదో ఏది తర్వాతదో తెలియాలి కదా? అతను కళ్ళు మూసుకుని వరస చెప్పసాగాడు.

"ఇది పుట్టిన నాటి ఏడుపు. ఇది మూణ్ణెల్లప్పుడు, గొంతులోంచే వస్తోంది. ఇక్కడ పెదాలు కలపడం తెలిసింది. ఇక్కడ కింద పళ్ళు వచ్చాయి, గాలి వాటికి తగులుతోంది. ఇదుగో, ఇది మొన్నమొన్నటిది. ముందు పన్నూడింది."

"పళ్ళు కూడా వినబడతాయా మీకు!"

"మీకూ వినబడతాయి. మళ్ళీ పెట్టనా?"

పెట్టాడు. వినబడింది.

తర్వాతి ఫైలు తెరిచాడు. కుట్టు మిషన్ కటకటా తిరుగుతోంది. పాప "అమ్మా" అంటోంది. బహుశా అదే మొదటిసారేమో, నాలుక తిరగట్లేదు. మిషన్ ఆగలేదు. "అమ్మా." ఆగలేదు. "అమ్మా, అమ్మా, అమ్మా!" మిషన్ అలా తిరుగుతూనే ఉంది.

పిడుగు ఇయర్‌ఫోను తీసేసి గోడవైపు తిరిగింది. ఆ ఫైలుకి పేరు పెట్టడానికి ఇద్దరికీ చెయ్యి రాలేదు. చివరికి 'పిలుపు' అని అతనే టైపు చేశాడు.

షాపులో మూల పడున్న మంచి ప్లేయర్ ఒకటి తీసి, అన్నీ వరసలో పెట్టి సింక్ చేసింది. ఒక్క ఎర్రరు రాలేదు.

"రేపు మీరూ రావాలండీ," అన్నాడు గుమ్మం దగ్గర. "ప్లేయర్ మొరాయిస్తే?"

"కొత్తదాంట్లో పెట్టాగా, మొరాయించదు. నాకు పనుంది."

"ఏం పనీ?" బాబాయి లోపల్నుంచి అందుకున్నాడు. "వెళ్ళవే! రేపు నీ పనేదో నేను చేస్తా."

మర్నాడు ఆ చిన్న గదిలో గోడ పక్కన ఒదిగి నిలబడింది పిడుగు. కుర్చీలో దర్జీ ఆవిడ కూర్చుంది. మెళ్ళో కొలత టేపు తియ్యడం కూడా మర్చిపోయి వచ్చినట్టుంది. పక్కన భర్త, ఆయన వేలు పట్టుకుని ముందు పన్ను లేని పాప. మాస్టారు వైరు తగిలించి ప్లేయర్ మీట నొక్కాడు. పుట్టిన నాటి ఏడుపు.

ఆవిడ ఉలిక్కిపడింది. అందరూ ఆ మొహాన్నే చూస్తున్నారు.

"పిట్ట," అంది ఆవిడ మెల్లిగా. "పిట్టేదో అరుస్తున్నట్టుంది."

ఇంకోటి. "డబ్బాలో గులకరాళ్ళు." ఇంకోటి. ఆవిడ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. "నాకు తెలియట్లేదు మాస్టారూ. నావల్ల కావట్లేదు." భర్త మొహం చూడలేక పిడుగు కళ్ళు దించుకుంది. అంత వానలో, అంత ఓపిగ్గా లాగింది దీనికోసమా!

"మొదటిరోజు అందరికీ ఇంతేనమ్మా," అన్నాడు మాస్టారు ఆవిడకి పెదాలు కనబడేలా. ప్లేయర్ వైరు తీసేసి, చెవి మిషన్ మాత్రం ఆన్‌లోనే ఉంచాడు. ఆవిడ తల వంచుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"పిట్ట కాదు!" అంది పాప ఉక్రోషంగా. "అది నేనే!"

ఆవిడ తలెత్తింది. కళ్ళకి కొంగు అడ్డమున్నా, ఎవరి పెదాలూ చూడకుండానే తలెత్తింది.

"ఎవరూ?"

"నేనేనమ్మా! నేనే ఏడుస్తున్నా అందులో. పిట్ట అంటావేంటి?"

ఆవిడ చెయ్యి చాచి పాప పెదాలు తడిమింది. "ఇదా నీ గొంతు? నేను వేరేలా అనుకున్నానే ఇన్నాళ్ళూ!"

"ఎలా అనుకున్నావ్?"

"నా గొంతులా."

ఏడుస్తూ నవ్వుతూ పాపని ఒళ్ళోకి లాక్కుంది. మళ్ళీ మొదట్నించీ పెట్టమంది. మాస్టారు ఈసారి వైరు మానేసి, స్పీకరులో పెట్టాడు. పాప ఒళ్ళో కూర్చుని ఒక్కొక్కటీ పరిచయం చేస్తోంది. ఇది నేను ఏడుస్తున్నా, ఇది ఊరికే నవ్వుతున్నా, ఇదేంటో నాకూ తెలీదు.

పిడుగు ఇంక అక్కడ నిలబడలేకపోయింది. వరండాలోకొచ్చి చున్నీతో మొహం తుడుచుకుంటూంటే వెనకాలే మాస్టారొచ్చాడు.

"మీరు రోజూ చేసే పని ఇదా?" అంది.

"రోజూ ఇలా జరగదండీ. ఎప్పుడో ఒకసారి."

"నిన్నటిదాకా నాకు చెవులున్నాయని కూడా తెలీదు మాస్టారూ. మీ పక్కన కూర్చుంటే లోకం ఇంత పెద్దదా అనిపిస్తోంది." అతని వైపు తిరిగి అనేసింది. "నాకు మీరంటే ఇష్టం. అంతే. నాకు నాన్చడం రాదు."

వినడం నేర్పే మనిషి గుడ్లప్పగించి నిలబడిపోయాడు.

"ఏంటలా చూస్తారు? వినబడలేదా?"

"వినబడింది," అన్నాడు. "కిటికీ తెరిచినప్పుడల్లా మీ గొంతు కోసమే చూస్తుంటానండీ, ఏడాదిగా. మీరే ముందు అంటారని కల్లో కూడా అనుకోలేదు."

ఆమె ఏదో అనబోయింది. అప్పుడే లోపల కుట్టు మిషన్ కటకట మొదలైంది. ఇద్దరూ తలుపువైపు తిరిగారు.

స్పీకరులో పాప, నాలుక తిరగని ఆ చిన్న పాప, "అమ్మా" అంది.

"ఏం తల్లీ!" అంది లోపల్నుంచి ఆవిడ.

"అమ్మా, అమ్మా!"

"ఇక్కడే ఉన్నానే బంగారం! వింటున్నా, చెప్పు!"

పిలిచిన ప్రతిసారీ పలికింది. ఒక్క పిలుపూ వదల్లేదు. వరండాలో వాళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, అది అయిపోయేదాకా అలాగే నిలబడి విన్నారు.