ఆపరేషన్ ఎంగిలి డ్రమ్ము

"ప్రసాద్, ముఠా కొరియర్‌ని వాళ్ల వాళ్లే చంపేశారు. సూట్‌కేసు ఖాళీ." ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు.

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక హోటల్ వెనక, పందుల మేతకి ఎంగిలి డ్రమ్ములు మోసే ఆటోవాడి వేషంలో ఉన్న ఏజెంట్ వరప్రసాద్ చుట్టూ ఒకసారి చూశాడు. ఆ సూట్‌కేసులో ఉండాల్సింది ఒక పందిమాంసం సాసేజ్. దాన్లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్. ఈ 2012 దాకా మన దేశం మొహం చూడని జబ్బు. టీకా లేదు, మందు లేదు. ఒక్క పంది తింటే చాలు, దొడ్లకు దొడ్లు తుడిచిపెట్టుకుపోతాయి. ఆ తర్వాత తమ ఫ్రోజెన్ పోర్క్ ఇక్కడ దింపాలని ఆ విదేశీ ముఠా ప్లాను.

"సాసేజ్ నీ డ్రమ్ములో ఉంది," అంది వెనక నుంచి ఒక గొంతు.

రేవతి. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. అటు ముఠా, ఇటు డిపార్ట్‌మెంట్ రెండూ నమ్మని డబుల్ ఏజెంట్.

"పొద్దున నువ్వు తీసుకెళ్లినదాన్లో కలిపేశారు. నాకు ఇప్పుడే తెలిసింది."

ఆ డ్రమ్మును మామిడిపల్లిలో భాగ్యమ్మ పందుల దొడ్డి దగ్గర దించి వచ్చింది తనే! ముఠాని పట్టుకోవడానికి వేషం కట్టి, ముఠా పనే చేసిపెట్టాడు. భాగ్యమ్మ తనను తమ్మీ అని పిలిచి రోజూ చాయ్ పోసే మనిషి. ఆ పందులు తప్ప ఆమెకు ఇంకో ఆధారం లేదు. అతనికి ఏడుపొచ్చింది.

భాగ్యమ్మ ఫోన్ స్విచాఫ్. రేవతి కారు మామిడిపల్లి దారి పట్టింది.

వాళ్లు చేరేసరికి దొడ్డికి అవతలి వైపు గోడ బయట నిలబడి, భాగ్యమ్మ ఎంగిలి బకెట్ పైకెత్తుతోంది. లోపల పందులు ఆకలితో గోల పెడుతున్నాయి.

"భాగ్యమ్మా! పోయకు!"

సరిగ్గా అప్పుడే నెత్తిమీద విమానం. అరిచిన అరుపు గాలిలో కలిసిపోయింది. చుట్టూ తిరిగి వెళ్లే టైమ్ లేదు. ప్రసాద్ గోడ మీద కాలు పెట్టి ఆగిపోయాడు. పొద్దున డ్రమ్ము తొణికి తడిసిన బూట్లు, ప్యాంటు. తను దూకితే ఆ జబ్బును తనే లోపలికి మోసుకెళ్లినట్టు.

"నేను వెళ్తాను. నన్ను నమ్ముతావా?" అంది రేవతి.

"నమ్మక చస్తానా! దూకు!"

రేవతి హీల్స్ విసిరేసి లోపలికి దూకింది. మోకాలి దాకా బురద. పందులను తోసుకుంటూ వెళ్లి, గోడ మీద వంగుతున్న బకెట్‌ను రెండు చేతులతో బయటికి నెట్టేసింది. ఎంగిలంతా భాగ్యమ్మ మీద పడింది. లోపల ఒక్క మెతుకు రాలలేదు.

"ఎవతివే నువ్వు? దిమాక్ ఖరాబైందా?"

విమానం దాటిపోయాక ప్రసాద్ చుట్టూ తిరిగొచ్చి, దూరంగానే నిలబడి, అంతా చెప్పాడు. భాగ్యమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. ఒలికిన ఎంగిలి, డ్రమ్ములో మిగిలింది, ముగ్గురి బట్టలు గుంట తీసి కాల్చేశారు. నేలంతా బ్లీచింగ్ చల్లారు. రేవతి చెప్పిన పేర్లతో ముఠా మొత్తం ఎయిర్‌పోర్ట్‌లోనే దొరికింది.

"శభాష్!" అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "ఏం కావాలో అడుగు ప్రసాద్. ఢిల్లీ పోస్టింగా? పతకమా?"

పక్కన భాగ్యమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. "ముచ్చట్లు తర్వాత తమ్మీ. పొద్దటి సంది పస్తున్నయి. ఇగ వాటికేం పెట్టాలె?"

"రెండు బస్తాల తవుడు సార్," అన్నాడు ప్రసాద్. "టాప్ ప్రయారిటీ."