కోదాడ మీదుగా

"చెయ్యి తియ్," అన్నది శైలజ.

వేములపల్లిలో ఎర్రయ్య అనే రైతు వాకిట్లో ముగ్గురూ కూర్చున్నారు. ఎర్రయ్య చేతిలో ఫోను, ఫోనులో వరికోత మిషన్ బుక్ చేసుకునే యాప్. ఏ తేదీన కావాలి అని అడిగే స్క్రీన్ దగ్గర ఆయన ఆగిపోయాడు. ఆ స్క్రీన్ గీసింది చందు. చూడలేక, తానే బటన్ నొక్కబోయాడు.

చందు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ పొద్దుటే ఇద్దరికీ పరిచయమైంది. అతను ఆ యాప్ కంపెనీలో డిజైనర్, ఊరు కోదాడ. ఆమె రీసెర్చర్, ఊరు మిర్యాలగూడ. యాప్‌ను రైతుల చేత వాడించి, వాళ్లు ఎక్కడ తడబడుతున్నారో చూడడం ఆమె పని.

ఎర్రయ్య ఫోను తిరిగిచ్చి, మంచిగుంది బిడ్డా, చూద్దాం అన్నాడు. చాయ్ తాగించి పంపాడు.

వీధిలోకి వచ్చాక, ఆయనకు నచ్చిందండీ అన్నాడు చందు.

"ఇంటికొచ్చినోళ్ల మొఖం మీద బాగలేదంటరా? మంచిగుంది, చూద్దాం అంటే సున్నా అని రాసుకో. ఆయన ఆడ ఆగిండు సూడు, గదీ అసలు మాట. నువ్వు నొక్కితే అది మనకు తెల్వకపోతుండె."

తర్వాత ఊళ్లలో ఆమె యాప్ సంగతి ఎత్తకుండా, పోయిన పంటకు మిషన్ ఎట్ల దొరికింది అని అడగడం మొదలుపెట్టింది. పక్క పొలంలో కోత అయినప్పుడే మిషన్ మా మడిలోకి దిగుతుంది, తేదీ ఎవరికి తెలుసు అన్నది అనంతగిరిలో కొమురమ్మ అనే రైతు. మిగతా వాళ్లూ అదే చెప్పారు. తేదీ స్క్రీన్ పోయింది. చందు కొత్తది గీశాడు. దాన్ని పట్టుకుని మళ్లీ ఊళ్లు తిరిగారు. రైతులు ఇంకో చోట ఆగారు. మళ్లీ గీశాడు.

ఏప్రిల్ నెల. సాయంత్రానికి సూర్యాపేట మార్కెట్ యార్డు దగ్గర కిరాయి గదికి చేరి, చూసింది టైపు చేసి, బస్టాండుకు నడిచేవారు. జవాబు నువ్వే వాళ్ల నోట్లో పెట్టొద్దు, అడిగినంక నోరు మూసుకొని ఉండాలె అని ఆమె నడుస్తూ చెప్పేది. అండీ లేకుండా ఒక్క మాటా రాదా నీకు అని కూడా అడిగేది. అలవాటండీ అనేవాడు చందు.

మిర్యాలగూడకు డైరెక్ట్ బస్సుంది కదండీ అని మొదటి రోజే అడిగాడు. దాంట్ల రష్ ఉంటది అన్నది శైలజ. అతనితో కోదాడ బస్సెక్కింది. కోదాడలో దిగి, హుజూర్‌నగర్ మీదుగా ఇంకో బస్సులో ఇంటికి పోయింది. ఆ తర్వాత రోజూ అంతే. బస్సులో ఇద్దరికీ మాట్లాడే ఓపిక ఉండేది కాదు. ఒకే పల్లీల పొట్లం ఇద్దరి మధ్యా ఉండేది.

ఆఖరి వారంలో, బస్టాండు ముందు చాయ్ దుకాణంలో చందు అడిగేశాడు.

"నేనంటే మీకు ఇష్టమేనాండీ?"

శైలజ గ్లాసులోకి చూసింది. "మంచోనివే. చూద్దాం..."

చందు లేచాడు. చాయ్ డబ్బులిచ్చి, బస్సు వచ్చిందేమో చూసొస్తానని వెళ్లిపోయాడు. చూద్దాం అనే మాటకు విలువ ఎంతో మొదటి రోజే ఆమే చెప్పింది.

ఆఖరి రోజు వాన పడింది. రైతులందరూ ఆరబోసిన వడ్ల మీద పరదాలు కప్పుకునే పనిలో ఉన్నారు. ఫోను చూసేవాళ్లు లేరు. మధ్యాహ్నమే గదికి తాళం వేశారు. సోమవారం నుంచి శైలజకు వరంగల్‌లో పని. ఇక ఇటు రాదు.

బస్టాండులో మిర్యాలగూడ డైరెక్ట్ బస్సు నిలబడి ఉంది. సగం సీట్లు ఖాళీ. కండక్టరు మెట్టు మీద నిలబడి ఊరి పేరు చెప్పి పిలుస్తున్నాడు. శైలజ ఆ బస్సును చూసింది. తడిసిన బ్యాగు భుజాన సర్దుకుని, దాని ముందు నుంచే నడిచి కోదాడ బస్సెక్కింది.

చందు వానలో ఆగిపోయాడు. రష్ అన్న మాట విని ఊరుకున్నాడే గాని, ఒక్క రోజు కూడా ఆ బస్సులోకి తొంగి చూడలేదు. పొద్దంతా తిరిగి కాళ్లు పీకుతున్న మనిషి, రోజూ చుట్టుదారిన ఇంటికి పోయింది.

వెళ్లి పక్కన కూర్చున్నాడు. బస్సు ఊరు దాటాక అడిగాడు.

"నువ్వు రోజూ కోదాడ మీదుగా ఎందుకు వెళ్తున్నావు?"

శైలజ కిటికీ వైపు తిరిగింది. రష్ వల్లేనా అనే మాట చందు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

మునగాల వచ్చింది. ఎక్కేవాళ్లు ఎక్కారు. బస్సు కదిలింది.

"నేర్పినోళ్ల మీదనే ప్రయోగమా?" అన్నది ఆమె.

చందు చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి.

"ఆ బస్సుల నువ్వుండవు గద," అన్నది, కిటికీ వైపే చూస్తూ. "ఆ రోజు చాయ్ కాడ ఇంకా చెప్పేటిదుండె. నోరు తెరిచే లోపల పైసలిచ్చి లేసిపోతివి."

అతను ఇంకా ఆమెనే చూస్తున్నాడు.

"ఇగ మాట్లాడొచ్చు. టెస్ట్ అయిపోయింది."

అలసిపోయాను అన్నాడు చందు. నేను గూడ అని శైలజ తల అతని భుజానికి ఆనించి కళ్లు మూసుకుంది.

కోదాడ వచ్చింది, దిగుతరా లేదా అని కండక్టరమ్మ రెండోసారి అడిగితే లేచారు. హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సు బయల్దేరుతోంది. చందు ఇల్లు బస్టాండు వెనక వీధిలోనే. అతను శైలజ వెనకాలే ఎక్కి, తనకూ మిర్యాలగూడకు ఒక టికెట్ అడిగాడు.