కదలని ప్రోగ్రెస్ బార్

“పదకొండు దాకానే టైముంది,” అన్నాడు చీఫ్ పెంచలప్రసాద్ ఫోన్‌లో. “గస్తీ బోట్ల రూట్ ఫైల్ విడవలూరు రొయ్యల చెరువుల దగ్గర్నుంచి విదేశీ ముఠాకు వెళ్ళబోతోంది. అది చేరిందంటే సముద్రం మీదున్న మనవాళ్ళు పన్నెండుమంది బతకరు. పంపేది మన డిపార్ట్‌మెంట్ మనిషే. పేరు తెలియదు. అక్కడి కాపలావాడికి చెప్పాల్సిన కోడ్ ‘రొయ్యకు ఊపిరాడటం లేదంట’.”

“ప్రత్యూష ఎక్కడుంది సార్?”

“నీకు తోడుగా ముందే వెళ్ళింది.”

ఏజెంట్ అక్రమ్‌కు ధైర్యం వచ్చింది. నాలుగేళ్ళుగా జట్టులో ప్రత్యూష ఉందంటే అతను వెనక్కి తిరిగి చూసుకున్నది లేదు.

చెరువు నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్ల మెకానిక్ వేషంలో, స్పానర్ పట్టుకుని చెరువు గట్టు మీది షెడ్డు చేరాడు. కోడ్ చెప్పగానే కాపలావాడు తలుపు తీశాడు.

లోపల ల్యాప్‌టాప్ ముందు నల్ల కళ్ళద్దాలు, నీలం షిఫాన్ చీర, చేతిలో పిస్టల్. ప్రత్యూష!

“అక్కడే నిలబడు అక్రమ్. నిన్ను కాల్చాలని లేదు నాకు.”

కాల్చేసినా అక్రమ్‌కు ఇంత నొప్పి ఉండేది కాదు.

తెర మీద ఆమె పైథాన్‌లో తయారుచేసిన చిన్న విండో. పైన ‘చెరువు ఆక్సిజన్ రీడింగ్’ అన్న దొంగ పేరు, కింద ఫైల్ పంపే బటన్, ఒక ప్రోగ్రెస్ బార్. 10:50కి బటన్ నొక్కింది. బార్ కదల్లేదు. విండో పాలిపోయి బిగుసుకుపోయింది.

“ఏమైంది దీనికి?” అని అడిగింది, అలవాటు కొద్దీ అతణ్ణే.

అక్రమ్ చూపు రూటర్ మీద పడింది. దీపం టకటకా మెరుస్తోంది. ఫైల్ వెళ్తూనే ఉంది! పంపే పనిని విండోను నడిపే లూప్‌లోనే పెట్టేసింది. అది ముగిసేదాకా విండో కదలదు. ఆ పనికి పక్కన విడిగా నడిచే వేరే థ్రెడ్ కావాలి. ఆమె అప్లికేషన్లలో ఆ ముక్క ఎప్పుడూ అక్రమే రాసిపెట్టేవాడు. దీన్ని మాత్రం అతనికి చూపించే వీల్లేకపోయింది మరి.

“హ్యాంగయింది. మూసేసి మళ్ళీ తెరువు,” అన్నాడు. ఆమెతో అతనాడిన మొదటి అబద్ధం అది.

మూసింది. ఫైల్ మధ్యలో తెగిపోయింది. 10:55కి మళ్ళీ మొదటినుంచీ మొదలు. విండో మళ్ళీ బిగుసుకుంది. 10:59కి మూయబోతూ ఆమె కూడా రూటర్ వంక చూసింది.

“పోతానే ఉంది గదా...”

పిస్టల్ ఎత్తేలోగా అక్రమ్ స్పానర్ విసిరి దాన్ని ఆమె చేతిలోంచి ఎగరగొట్టాడు. రూటర్ కేబుల్ పీకేసేసరికి పదకొండుకు ఒక్క సెకను తక్కువ.

బేడీలు పడ్డాక ప్రత్యూష తలెత్తింది.

“నీ మాట నమ్మి మూసినాను గదా అక్రమ్,” అంది నిష్ఠూరంగా, ఆ షెడ్డులో మోసపోయింది తానొక్కతే అయినట్టు.