నూట యాభై డిగ్రీల అబద్ధం

"పదకొండింటికి మానవ్ అనే ఫైర్‌ఫైటర్ కొత్త మాస్క్ పెట్టుకుని మంటల్లోకి వెళ్తాడు. మాస్క్ అద్దం ఫెయిలైతే గుడ్డివాడిలా అక్కడే కాలిపోతాడు." ఇయర్‌పీస్‌లో చీఫ్ కేశవరావు గొంతు.

"టెస్ట్ ఆపేయొచ్చుగా సార్?"

"ప్రూఫ్ కావాలమ్మా ఆద్యా. విదేశీ ముఠా అద్దాలు మార్చేసిందని టిప్ వచ్చింది. కానీ మన ఏజెంట్ గీతాంజలి చెక్ చేసి ఓకే అంది."

అమెరికాలోని నేపర్‌విల్ ఫైర్ ట్రైనింగ్ గ్రౌండ్‌లో ఏజెంట్ ఆద్య కేటరింగ్ ఏప్రన్, నెరిసిన విగ్గుతో సమోసాలు సర్దుతోంది. ఏజెన్సీ ఇచ్చిన స్పై కళ్లద్దాలు పొద్దుటి నుంచి అప్‌డేట్ అవుతూనే ఉన్నాయి.

ఎర్ర హీల్స్‌తో గీతాంజలి వచ్చింది.

"పెరుగు ఉందా?" కోడ్ అడిగింది ఆద్య.

"పుల్లగా ఉంటే వద్దు." గీతాంజలి స్పేర్ మాస్క్ బల్లమీద పెట్టింది. "అద్దం రెండు ప్లాస్టిక్ పాలిమర్ల బ్లెండ్. కలవకపోతే మసకగా ఉండేది. చూడు, ఎంత క్లియర్‌గా ఉందో."

"వేడి చేసి చూశారా?"

"ఎందుకు? వేడికి ఏదైనా ఇంకా బాగా కలుస్తుంది. టీలో పంచదార కరగదా, డియర్?"

గీతాంజలికి పదిహేనేళ్ల ట్రైనింగ్, మూడు పాస్‌పోర్టులు, నాలుగు విగ్గులు. ఒక్క చాప్టర్ చదవలేదు. కొన్ని పాలిమర్లు చల్లగా ఉన్నంతసేపే కలిసుంటాయి, వేడి తగలగానే విడిపోతాయి. ల్యాబ్‌లో మూడు నెలలున్న స్టూడెంట్‌కి కూడా ఈ సంగతి తెలుసు.

"మరి రిపోర్ట్‌లో నూట యాభై డిగ్రీల దాకా వేడి చేశానని రాశారేంటి?"

గీతాంజలి లిప్‌స్టిక్ నవ్వు ఆగిపోయింది. ఆమె ఆద్య చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అరిచావంటే నీ కవర్ పోతుంది."

"పోనీ. విగ్గు దురద పెడుతోంది."

చెయ్యి విదిలించుకుని, సమోసా ట్రే కింద వెలుగుతున్న మంటమీద మాస్క్ పట్టుకుంది ఆద్య. ఇరవై సెకన్లలో అద్దం మజ్జిగలా తెల్లబడింది.

అప్పటికే మానవ్ చెయ్యి లోపల మంటలు పెట్టిన బర్న్ రూమ్ తలుపు మీద ఉంది.

"మానవ్! ఆగు!"

"ఆంటీ, ఫుడ్ తర్వాత తింటా, ఓకే?"

ఇరవై ఎనిమిదేళ్ల ఆద్య పళ్లు కొరుక్కుంటూ పరుగెత్తి, చేతిలోని మాస్క్ అతని ముఖానికి అడ్డం పెట్టింది. "నేను కనిపిస్తున్నానా?"

"నో. ఏం లేదు. ఓన్లీ వైట్."

"లోపల నీకు కనిపించేదీ అదే."

మానవ్ తలుపు మీంచి చెయ్యి తీసేశాడు. పెట్టుకున్న మాస్క్ విప్పేశాడు.

గీతాంజలి పరుగు తీసింది. పార్కింగ్ లాట్ దాకా కూడా చేరలేదు. ఫైర్ హోస్ తడిపిన గడ్డిలో హీల్స్ దిగబడి కూలబడింది. ముఠాకి కూడా పనిచేసే ఆ ఇంటర్నేషనల్ డబుల్ ఏజెంట్‌ని ఇద్దరు వాలంటీర్లు చెప్పుల్లేకుండా లేపి తీసుకెళ్లారు.

సోమవారం ఏజెన్సీ హెచ్‌ఆర్ నుంచి అందరికీ మెయిల్ వచ్చింది: "గీతాంజలి మన టీమ్‌ని వదిలి కొత్త చోటికి వెళ్తున్నారు. ఫేర్‌వెల్ కార్డ్ మీద దయచేసి సంతకం చేయండి."

కేశవరావు అప్పటికే చేసేశాడు, పక్కన స్మైలీతో సహా.