నిండు ట్యూబు

"సెలవు అడిగావుగా, ఇచ్చాను," అన్నాడు పెద్దాయన. "మీ అక్కా బావా దీవులకి వెళ్తున్నారట. వాళ్ళతో నువ్వూ వెళ్తున్నావ్."

"నేను సెలవు అడిగిందే వాళ్ళతో వెళ్ళకుండా ఉండడానికి సార్," అన్నాడు ఏజెంట్.

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని కాకర అంటారు. ఒకప్పుడు మంచి కోడ్‌నేమే ఉండేది. అతని నోటి చేదు రుచి చూశాక ఎవరో మార్చారు, అదే ఫైల్‌కెక్కింది.

పెద్దాయన బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. శనివారం పెద్ద దీవి జెట్టీ నుంచి రెండు దేశాల ప్రతినిధులు ఒకే లాంచీలో బయలుదేరతారు. నడిసముద్రంలో సరిహద్దు ఒప్పందం మీద సంతకాలు పెడతారు. అది కుదిరితే ఒక ఫారిన్ ముఠా (డిపార్ట్‌మెంట్ భాషలో రింగ్) స్మగ్లింగ్ దుకాణం కట్టేసుకోవాలి. అందుకని లాంచీని పేల్చేద్దామని చూస్తున్నారు. ఎక్స్‌ప్లోజివ్ జెల్ ఇప్పటికే దీవిలోకి చేరింది. మోసుకొచ్చినవాడు అక్కావాళ్ళు దిగబోయే గెస్ట్‌హౌస్‌లోనే దాన్ని వదిలేస్తాడు, వాడేవాడు వచ్చి తీసుకుంటాడు.

"ఎవరు, దేంట్లో, ఏ మూల?"

"అదే తెలిస్తే నిన్నెందుకు పంపుతాను? ఒంటరి మగాడు అటూ ఇటూ చూస్తూ తిరిగితే అనుమానం వస్తుంది. బావతో పోట్లాడుతూ తిరిగేవాణ్ణి ఎవడూ పట్టించుకోడు."

తర్వాత ఒక వాచీ ఇచ్చాడు. ఎక్స్‌ప్లోజివ్ దగ్గరికొస్తే వైబ్రేట్ అవుతుందట. కాంటాక్ట్ పేరు ముత్యం. డబుల్ ఏజెంట్. రింగ్ వాళ్ళ జీతం తింటూ మనకి సమాచారం ఇస్తుందని పెద్దాయన నమ్మకం. ఆమె "నీళ్ళు ఎంత నీలంగా ఉన్నాయో!" అంటుంది. ఇతను "కడిగితే పోతుంది" అనాలి.

"సముద్రం దగ్గరికెళ్ళిన ప్రతివాడూ అనే మాట అదే కదా సార్."

"అందుకేనయ్యా, అనుమానం రాదు," అన్నాడు పెద్దాయన మురిసిపోతూ.

బావ ఎంగిలిచేత్తో కాకిని తోలడు. ఆ గుణానికి ఆయన పెట్టుకున్న పేరు ఇండిపెండెంట్ ట్రావెల్.

"ప్యాకేజీ టూర్ అంటే గొర్రెల మందోయ్," అని ఫెర్రీ డెక్ మీద ఉపన్యాసం మొదలుపెట్టాడు. "జెండా పట్టుకున్నవాడి వెనక పడి పోవడమే. మనం అలా కాదు. మన దారి మనది."

కాకర డెక్ అంతా చూశాడు. అందరి నెత్తి మీదా అదే గడ్డి టోపీ, అందరి వీపు మీదా అదే సంచీ. ఎవరికీ తెలియని బీచ్ ఎక్కడుందో చెప్పే యాప్‌ని అందరూ ఒకేసారి చూస్తున్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఈ ఫెర్రీలో ఎక్కినవాళ్ళందరూ ఉలిపికట్టెలే, అందరూ దిగబోయేది ఒకే రేవులో. అతనికి నవ్వు కూడా రాలేదు.

"నీళ్ళు ఎంత నీలంగా ఉన్నాయో!" అంది అక్క.

ఆమె వెనక ఇంకో నలుగురు అదే మాట అన్నారు. కాకర డ్యూటీ ప్రకారం నలుగురికీ "కడిగితే పోతుంది" అని జవాబిచ్చాడు. నలుగురూ అతనికి దూరంగా జరిగి కూర్చున్నారు.

"నీకు ఎండ దెబ్బ తగిలిందిరా తమ్ముడూ," అంటూ అక్క తన టోపీ తీసి అతని నెత్తిన పెట్టింది.

అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆమే. తమ్ముడు ఫ్రిజ్‌లు అమ్ముకుని బతుకుతున్నాడని ఇప్పటికీ నమ్ముతోంది. లోకం మొత్తంలో కాకర వెటకారం చేయని మనిషి ఆమె ఒక్కతే.

ఐదో మనిషి తెల్ల సిల్కు డ్రెస్సులో వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, రెండు చెవులకీ పెద్ద పెద్ద ముత్యాలు. డెక్ మీద మగవాళ్ళందరూ పొట్టలు లోపలికి లాక్కున్నారు. కోడ్ చెప్పింది, జవాబు విన్నది.

"జెల్ డైవింగ్ షాపులో ఉంది," అంది సముద్రాన్ని చూస్తూనే. "ఆక్సిజన్ సిలిండర్లలో. శనివారం పొద్దున చేతులు మారుతుంది."

ఆమె వెళ్ళాక కూడా వాచీ వైబ్రేట్ అవుతూనే ఉంది. అది ఆమె సెంటుకి వణికింది. డీజిల్‌కి వణికింది. బావ సాక్సులకైతే ఆగకుండా వణికింది. కాకర దాన్ని నమ్మడం అక్కడితో మానేశాడు.

గెస్ట్‌హౌస్ నడవాలో ఒక చెక్క అలమర ఉంది. వెళ్ళిపోయేవాళ్ళు మిగిలిన వస్తువులు అందులో పెట్టి పోతారు, వచ్చినవాళ్ళు కావలసింది తీసుకుంటారు. పిన్ను వంగిన ప్లగ్గు, చివరి పేజీలు చిరిగిన నవల, అడుగున బెత్తెడు షాంపూ, పిండి పిండి పీనుగలైన సన్‌క్రీమ్ ట్యూబులు. బావకి పెన్నిధి దొరికినట్టయింది. ఒక చచ్చిన ట్యూబుని కత్తెరతో నిలువునా చీల్చి, చెంచాతో గీకి అక్క ముక్కుకి రాశాడు.

"చూశావా? పారేసిన దాంట్లో ఇంకా ఎంతుందో!" అన్నాడు గర్వంగా.

ఆ గర్వం చూస్తే కాకరకి ఒళ్ళు మండింది.

శనివారం పొద్దున అతను డైవింగ్ షాపుకి బయలుదేరుతుంటే అలమర దగ్గర వాచీ మళ్ళీ వణికింది. బావ సాక్సులు పక్కనే ఆరేసి ఉన్నాయి. పై అరలో కొత్తగా ఒక సన్‌క్రీమ్ ట్యూబు కనిపించింది, బొద్దుగా, నిండుగా. అతను చూసి దాటిపోయాడు.

షాపులో సిలిండర్లన్నీ విప్పించాడు. దొరికింది తడి రబ్బరు కంపు ఒక్కటే. ఓనర్ తిడుతుంటే కాకర ఆ తిట్లు సగం వరకూ విని ఠక్కున తలెత్తాడు.

నిండు ట్యూబు!

ఇండిపెండెంట్ ట్రావెలర్ అనేవాడు నిండు ట్యూబు వదిలేసి పోతాడా? పిండుతాడు, రోకలి పెట్టి దంచుతాడు, కత్తెరేసి కోస్తాడు. రింగ్ వాళ్ళు తమ మనిషికి భాష నేర్పారు, దొంగ పాస్‌పోర్టు ఇచ్చారు, టోపీ, సంచీ, ఎండకి కమిలిన మెడ కూడా సరిగ్గా అమర్చారు. పిసినారితనం మాత్రం నేర్పలేకపోయారు. అడిగినంతా ఆఫీసు ఇచ్చే ఉద్యోగంలో అది ఎక్కణ్ణుంచి వస్తుంది?

అతను పరుగెత్తాడు. అలమర దగ్గర ముత్యం నిలబడి ఉంది. పై అర ఖాళీ. ఆమె మొహం అంతకన్నా ఖాళీగా ఉంది.

"నువ్వు తీశావా?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

తుడుపుగుడ్డ పిండుతున్న గెస్ట్‌హౌస్ ఓనరమ్మ తల ఎత్తింది. "ఆ క్రీమా? మీ బావగారు తీసుకెళ్ళారు బాబూ. పాపం, ఎంత సంబరపడ్డారో. లాంచీ బయలుదేరడం చూస్తామని అమ్మగారితో జెట్టీకి వెళ్ళారు."

కాకర జెట్టీ వైపు పరుగందుకున్నాడు. ఒప్పందం, ప్రతినిధులు, డిపార్ట్‌మెంట్ అన్నీ మర్చిపోయాడు. అక్క పక్కనే బాంబు ఉంది, అంతే గుర్తుంది.

"నేనూ వస్తాను," అంది ముత్యం. "పట్టుకున్నాక నాకివ్వు. నాకు డిఫ్యూజ్ చేయడం వచ్చు."

"నీకు సిలిండర్ల గురించి కూడా బాగా తెలుసు," అన్నాడు పరుగెత్తుతూనే.

జెట్టీ మీద బ్యాండు వాయిస్తున్నారు. లాంచీ నిండా కోట్లు వేసుకున్న ప్రతినిధులు చెమటలు కక్కుతూ కెమెరాల వైపు నవ్వుతున్నారు. లాంచీ నీడ ఉచితం కాబట్టి బావ సరిగ్గా దాని పక్కనే గోడ మీద చతికిలబడ్డాడు. ఒడిలో చీల్చిన పాత ట్యూబు, చేతిలో చెంచా. నిండు ట్యూబు పక్కనే ఉంది, మూత కూడా తీయలేదు.

"ముక్కు ఊడిపోయేలా ఉందండీ! ఆ కొత్తది తెరవండి," అంటోంది అక్క.

"పాతది అయిపోకుండా కొత్తది తెరుస్తారటే? ఇంట్లో ఎప్పుడైనా చేశామా?"

"గీకింది చాలు. ఇటివ్వండి!"

అక్క ట్యూబు లాక్కుని మూత మీద వేళ్ళు వేసింది.

కాకర ఇంకా నోరు తెరవలేదు. అతని పక్కన ముత్యం ఒక్క ఉదుటున చేపల బుట్టల వెనక బోర్లా పడింది. తెల్ల సిల్కు మొత్తం చేపల నీళ్ళలో మునిగింది. తలని రెండు చేతుల్తో కప్పుకుంది.

జెల్ ఎలా పేలుతుందో డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు. ఈమెకి తెలుసు. మూత తిప్పితే చాలన్నమాట.

"అక్కా! తిప్పకు!"

అక్క ఉలిక్కిపడి ఆగింది. మూత అప్పటికే సగం తిరిగింది. లోపల ఏదో బుస్సుమంది. కాకర ఆమె చేతిలోంచి ట్యూబు లాగి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి సముద్రంలోకి విసిరాడు.

"ఒరేయ్, నిండుదిరా అది!" అని కేకేసి బావ దాని వెనకే దూకబోయాడు. కాకర ఆయన్ని కింద పడేసి మీద కూర్చున్నాడు.

సముద్రం ఒక్కసారిగా తాటిచెట్టంత లేచి లాంచీ మీద పడింది. తడిసి ముద్దయిన ప్రతినిధులు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, అది తమకి స్వాగతం కాబోలనుకుని చప్పట్లు కొట్టారు. బ్యాండువాళ్ళు ఇంకో పాట అందుకున్నారు. ఇలాంటి మహానుభావుల కోసమా తను ప్రాణాలకి తెగించింది అనిపించింది కాకరకి. లాంచీ బయలుదేరింది.

"ఏమైందిరా నీకు?" అంది అక్క. ఆమె మొహం తెల్లబోయి ఉంది. పేలింది ఏమిటో అడగలేదు, తమ్ముడి చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.

"ఎండక్కా," అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. అక్క బతికి ఉంది, అతనికి ఏడుపొస్తోంది.

కాకర సైగ అందుకున్న జెట్టీ పోలీసులు, బుట్టల వెనక నుంచి లేవబోయిన ముత్యానికి బేడీలు వేశారు.

"నేను మీ మనిషిని కూడా," అంది చేప పొలుసులు తుడుచుకుంటూ. "నన్ను లోపలేస్తే నాలో ఉన్న మీ సగమూ పోతుంది."

"నిన్ను పిండి పిండి వాడుకున్నాం. మిగిలింది జైలువాళ్ళు గీక్కుంటారు," అన్నాడు కాకర.

సాయంత్రం పెద్దాయన ఫోన్ చేశాడు. "వెల్ డన్! మన వాచీ బాగా పనిచేసిందన్నమాట."

"చాలా బాగా పనిచేసింది సార్," అని కాకర ఫోన్ పెట్టేశాడు. వాచీ విప్పి, నడవాలోని అలమర పై అరలో పెట్టేశాడు.

మర్నాడు తిరుగు ఫెర్రీలో బావ అతనితో మాట్లాడలేదు. నిండు ట్యూబు సముద్రంలో పారేసినవాడితో మాటలేమిటి? రేవు కనుమరుగయ్యాక మాత్రం సంతోషం ఆపుకోలేక చొక్కా చెయ్యి పైకి లాగి మణికట్టు చూపించాడు.

"చూడవోయ్, నిక్షేపంలాంటి వాచీ! ఎవడో బుద్ధి లేని వెధవ వదిలేసిపోయాడు."

కాకర కాదనలేదు.